కొండ కనబడును

ప్రకృతి దృశ్యాన్ని ప్రసాదించేది ప్రకృతి కాదు, దృశ్య పరిరక్షణ శాఖ. ఈ సంగతి తెలియక మానవజాతి వేల ఏళ్లపాటు కొండల్నీ లోయల్నీ ఏ అనుమతీ లేకుండా, ఉత్త కళ్లతో, ఇష్టమొచ్చినంతసేపు చూసేసింది. అలా చూసినవాళ్ల మీద ఇప్పుడు చర్య తీసుకునే వీల్లేదు (చాలామంది పోయారు). ఇకముందైనా చూపు ఒక పద్ధతి ప్రకారం సాగాలన్న సదుద్దేశంతో ఈ శాఖ ఏర్పడింది. ఇందులో ఎదుటి దృశ్యాల విభాగం, పక్క దృశ్యాల విభాగం, వెనక దృశ్యాల విభాగం అని మూడున్నాయి. సూర్యోదయం ఆఫీసు తెరవకముందూ, సూర్యాస్తమయం మూసేశాకా జరుగుతాయి కనుక ఆ రెండూ శాఖ పరిధిలోకి రావు. వాటిని ఎవరైనా ఊరికే చూసుకోవచ్చు.

అలాంటి శాఖవారి దయ ఒక చిన్న లాడ్జి మీద ఎలా ప్రసరించిందో చెప్పుకోవాలి.

ఆ లాడ్జి కొండదారి మలుపులో ఉంది. బోర్డు మీద దాని పేరు ఎప్పుడో వెలిసిపోయింది గానీ, పేరు కింద రాసిన "కొండ కనబడును" అన్న రెండు మాటలు మాత్రం ఏటా రంగు పడుతుండడం వల్ల నిగనిగలాడుతుంటాయి. నడిపేది ఆ ఇంటి కోడలు. చుట్టుపక్కల అందరూ ఆమెను లాడ్జి వదిన అంటారు, ఆమెకన్నా పెద్దవాళ్లతో సహా. వంటిల్లు ఆమె భర్తది. ఆయన గరిటెతో తప్ప నోటితో పెద్దగా మాట్లాడడు. గదుల కిటికీలన్నీ వెనక ఉన్న మట్టిగట్టు వైపే తెరుచుకుంటాయి (కట్టిన మేస్త్రీకి అసలు యజమానితో ఏదో పేచీ ఉండేదట). లాడ్జికి ప్రాణమంతా ముందున్న వరండాలోనే ఉంది. అక్కడ కుర్చీ వేసుకుంటే లోయా, లోయకవతల ఆ కొసనుంచి ఈ కొసదాకా కొండా కళ్లెదుట పరుచుకుంటాయి. జనం అక్కడికి వచ్చేది ఆ వరండాలో కూర్చోవడానికి. రాత్రి పడుకోవడమనేది దానికి అనుబంధం మాత్రమే.

వరండాలో ఎడమ చివరి కుర్చీ మాత్రం ఎవరికీ ఇవ్వరు. అది మామగారిది. మోకాళ్లు మొరాయించడంతో ఆయన నడక ఆగిపోయింది, భార్య పోవడంతో మాట ఆగిపోయింది. పొద్దున్నే కొడుకు ఎత్తి కూర్చోబెడితే చీకటి పడేదాకా అలా కొండకేసి చూస్తూ ఉండేవాడు. టీ ఇస్తే "ఊఁ". ఎండ తగులుతోందా అంటే "ఊఁ". పెళ్లయి వచ్చినప్పటినుంచీ తనను కూతురికన్నా ఎక్కువగా చూసుకున్న మనిషి అలా మూగబోతే లాడ్జి వదిన చూస్తూ ఊరుకోలేకపోయింది. మాట్లాడించాలని ఆమె చేయని ప్రయత్నం లేదు. చివరికి ఆ ఊఁ లతోనే సరిపెట్టుకుంది.

ఇంతలో ఎదుటి కొండమీద గాలిమరలు రాబోతున్నాయని కబురొచ్చింది. కబురు వెంటే శాఖవారి నోటీసు కూడా వచ్చింది. "దృశ్యమునకు భంగము కలుగునని భావించువారు తమ అభ్యంతరమును తెలుపవలెను. తెలుపనివారు సదరు దృశ్యమును ఎన్నడూ చూడనివారుగా పరిగణింపబడుదురు" అని అందులో ఉంది.

లాడ్జీల సంఘం ఒంటికాలి మీద లేచింది. అధ్యక్షుడు దారి మొదట్లో ఉన్న కొండచూపు లాడ్జి యజమాని. బల్ల గుద్ది మరీ ప్రసంగించాడు.

"నగరంలో జనం పొద్దస్తమానం ఫ్యాన్ల కింద కూర్చుని విసుగెత్తి మన దగ్గరికొస్తున్నారు. ఇక్కడా ఫ్యాన్లే చూపిస్తే ఎవడొస్తాడు? మన లాడ్జీలకు తాళాలే! ఏమంటావు వదినా?"

లాడ్జి వదిన ఏమంటుంది? ఆమెకున్నదల్లా ఆ వరండా. ఇల్లు గడిచేదీ, మామగారి మందులొచ్చేదీ దానిమీదే. పైగా రోజూ చూస్తున్న కొండను తను ఎన్నడూ చూడనట్టు పరిగణిస్తారంటే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. అభ్యంతరం పెట్టేసి వచ్చింది.

శాఖ మెరుపు వేగంతో స్పందించింది (ఏడాది తిరక్కుండానే దృశ్యాధికారి స్వయంగా వచ్చాడు). సన్నటి మనిషి, ఇస్త్రీ చెడని చొక్కా, మెత్తటి మాట. ఎవరినీ పల్లెత్తు మాట అనే రకం కాదు. తన పరిధి దాటి ఒక్క మాట మాట్లాడే రకం అంతకన్నా కాదు. వెంట ఒక ఫొటోగ్రాఫరు, ముక్కాలి స్టాండు. గాలిమరలు రాకముందు దృశ్యం ఎలా ఉందో ఫొటో తీసి భద్రపరచడం వాళ్లు వచ్చిన పని. దాన్ని మూల దృశ్యం అంటారు. రేపు దృశ్యం చెడిందని ఎవరైనా అంటే, దేనితో పోల్చి చెడిందో తేల్చాలి కదా.

ఆ రోజు మంచు పట్టింది. అలాంటిలాంటి మంచు కాదు. వరండా మెట్ల మీది పూలకుండీ కూడా ఉందో లేదో తడిమి చూసుకోవాల్సినంత మంచు.

"టీ తాగి కాసేపు కూర్చోండి సార్. మధ్యాహ్నానికి విడిపోతుంది," అంది లాడ్జి వదిన.

"మాకు కేటాయించింది పొద్దుటి పూటేనమ్మా."

"పోనీ రేపు రండి."

"రేపు జలపాతం ఉందమ్మా. దానికీ నోటీసు ఇచ్చేశాం."

"కానీ సార్, ఏమీ కనిపించడం లేదు కదా!"

దృశ్యాధికారి ఆ తెల్లదనం కేసి శ్రద్ధగా చూశాడు. "ఎందుకు కనిపించడం లేదమ్మా? తెల్లగా కనిపిస్తోంది కదా. నిబంధనల్లో దృశ్యం అని ఉంది గానీ, కొండ అని ఎక్కడా లేదు. మంచు అన్న మాట అసలే లేదు."

"ఫోకస్ దేనిమీద పెట్టమంటారు సార్?" అని అడిగాడు ఫొటోగ్రాఫరు.

"దృశ్యం మీద పెట్టు."

ఫొటో తీశారు. అధికారి దాన్ని ఆమెకు చూపించాడు. ఉతికి ఆరేసిన దుప్పటిలా ఉంది.

"మీ వరండాలోంచి కనిపించే దృశ్యం ఇదేనామ్మా?"

"ఇదే... అంటే, దీని వెనకాల ఉంది సార్."

"వెనకవి వెనక దృశ్యాల విభాగం చూసుకుంటుంది. ముందున్నది మీదేనా, కాదా? కాదంటే మీకు దృశ్యం లేదని రాసుకుని వెళ్లిపోతాం. మాకేం ఇబ్బంది లేదు."

ఆమె మెల్లగా సంతకం పెట్టింది. వాళ్ల జీపు మలుపు తిరిగిందో లేదో మంచు విడింది. కడిగినట్టున్న కొండ ఆ కొసనుంచి ఈ కొసదాకా ఎండలో నిలబడింది.

"ఊఁ," అన్నాడు మామగారు.

తర్వాత గాలిమరల రెక్కలు వచ్చాయి, ఒక్కో లారీ మీద ఒక్కోటి. అంత పొడుగు లారీ ఆ మలుపులో తిరగడం అయ్యే పని కాదు. టైర్ల కొట్టు చూరు ఊడదీసి, మైలురాయి పెరికి, క్లీనరు "ఇంకొంచెం, ఇంకొంచెం" అని గొంతు చించుకుంటుంటే జనమంతా పనులు మానుకుని చూశారు. అడ్డంగా కూర్చుని నినాదాలు చేయడానికి వచ్చిన లాడ్జీల సంఘం కాసేపటికే ఆ సంగతి మరిచిపోయి, లారీకి దారి చెప్పడంలో పడింది. అధ్యక్షుడే ముందుండి వెనక చక్రం చూసుకోమని డ్రైవరును హెచ్చరించాడు.

గాలిమరలు తిరగడం మొదలయ్యాక అందరూ తాళాలు సిద్ధం చేసుకుని కూర్చున్నారు. కానీ జనం విరగబడి వచ్చారు. వచ్చినవాళ్లలో ముప్పాతిక మంది ముందు వరండాలో నిలబడి "ఛ, ఎంత చక్కటి కొండను పాడు చేశారండీ!" అని బాధపడేవాళ్లు. ఆ బాధలోనే "దగ్గరికి వెళ్లాలంటే దారి ఎటు?" అని అడిగేవాళ్లు. గాలిమరల కోసం వేసిన రోడ్డు మీద సైకిళ్లవాళ్లు, నడకవాళ్లు, రెక్కను రెండు వేళ్లతో పట్టుకున్నట్టు ఫొటోలు దిగే కొత్త జంటలు. పొద్దున బాధపడి, మధ్యాహ్నం ఎక్కి, సాయంత్రం లాడ్జిలో కాళ్లు నొక్కుకునేవాళ్లు. సంఘం అధ్యక్షుడు తన కొండచూపు లాడ్జిని గాలిమర వ్యూ లాడ్జిగా మార్చి కొత్త బోర్డు పెట్టాడు. ఇదేమిటని ఎవరో అడిగితే, అభ్యంతరం వేరు వ్యాపారం వేరు అని విడమరిచి చెప్పాడు.

నిజంగా నష్టపోయినవాడు ఒకాయన ఉన్నాడు. ఏటా వచ్చి వరండాలో కూర్చుని కొండను బొమ్మ గీసుకునే డ్రాయింగు మాస్టారు. ఆ ఏడాది వచ్చాడు, చాలాసేపు చూశాడు, పుస్తకం తెరవకుండానే సంచిలో పెట్టేశాడు. "ఆ గీత పోయిందమ్మా," అన్నాడు. మళ్లీ రాలేదు. ఆయన మొహం గుర్తొచ్చినప్పుడల్లా లాడ్జి వదినకు మనసు చివుక్కుమనేది. ఆయన ఏ శాఖకూ ఫిర్యాదు చేయలేదు (అందువల్ల శాఖ దృష్టిలో ఆయన ఆ కొండను ఎన్నడూ చూడలేదు).

అయితే ఆ గాలిమరలు ఎవరూ అనుకోని పని ఒకటి చేశాయి. ఒక రోజు పొద్దున ఆమె టీ పట్టుకుని వరండాలోకి వచ్చేసరికి మామగారు ఎడమ చివరి గాలిమర కేసి చేయి చూపించాడు.

"మీ అత్తయ్య లేచింది, చూశావా అమ్మాయ్."

ఊఁ కాకుండా ఆయన నోట ఒక మాట విని ఎన్నాళ్లయిందో! తేరుకుని చూస్తే, మిగతావన్నీ ఇంకా కదలకుండా ఉన్నాయి. ఆ చివరిది మాత్రం అప్పుడే మెల్లగా తిరగడం మొదలెట్టింది.

"అందరికన్నా ముందు లేవడం దానికి మొదటినుంచీ అలవాటే," అన్నాడు మామగారు. "అదిగో, అందరూ ఒకవైపు చూస్తుంటే మూతి ముడుచుకుని పక్కకు తిరిగింది చూడు, అది మన పెద్దల్లుడు. పెళ్లినాడూ అంతే. ఆ పక్కపక్కన ఉన్న రెండూ మా అక్కచెల్లెళ్లు. ఒకటి ఆగితే గానీ రెండోది తిరగదు."

"మరి మీ అబ్బాయి ఎక్కడ మామయ్యా?"

"కింద నిచ్చెన వేసి ఎప్పుడూ ఏదో బాగుచేస్తుంటారే, అది."

వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది. తర్వాత, ఎన్నేళ్లకో, ఆ ఇంట్లో ముగ్గురూ కలిసి నవ్వారు. ఆ రోజునుంచి ఆయనకు కబుర్లే కబుర్లు. అత్తయ్య ఇవాళ హుషారుగా ఉందని, పెద్దల్లుడు అలిగాడని, వాన పడితే అందరూ తడుస్తున్నారని. రాత్రి మంచం ఎక్కేముందు కోడలితో "మీ అత్తయ్య ఇంకా పడుకోలేదు, పిచ్చిది" అనేవాడు. ఆ మాట విన్నాకే ఆమె కూడా నిశ్చింతగా పడుకునేది.

సరిగ్గా అంతా కుదుటపడిన వేళ శాఖనుంచి ఉత్తరం వచ్చింది. ఆమె ఫిర్యాదు అన్ని దశల్లోనూ నెగ్గిందనీ, దృశ్యానికి భంగం రుజువైందనీ, త్వరలోనే మూల దృశ్యాన్ని పునరుద్ధరిస్తామనీ అందులో అభినందించారు. పునరుద్ధరించడమంటే గాలిమరలు పోవడమే. ఆమె మర్నాడే బస్సెక్కి నగరానికి పరుగెత్తింది.

శాఖ కార్యాలయం ఒక పాత భవనం పై అంతస్తులో ఉంది. దానికి కిటికీలు లేవు (సిబ్బంది దృశ్యాల ప్రలోభానికి లొంగకుండా ఈ ఏర్పాటు). లోపలికి వెళ్లాలంటే ఫోనులో దృశ్యమిత్ర యాప్ వేసుకుని టోకెన్ తీసుకోవాలి. టోకెన్ రావాలంటే వెనక దృశ్యం పడేలా సెల్ఫీ దిగాలి. ఆమె దిగింది. "దృశ్యం కనబడుట లేదు" అంది యాప్. అక్కడ గోడకు ఒక క్యాలెండరు ఉంది, దానిమీద జలపాతం బొమ్మ ఉంది. దాని ముందు పెద్ద క్యూ ఉంది. ఆమె కూడా వెళ్లి నిలబడింది. వంతు వచ్చాక జలపాతం ముందు నవ్వింది. టోకెన్ వచ్చింది.

దృశ్యాధికారి ఆమెను గుర్తుపట్టి లేచి నిలబడ్డాడు. అంత మర్యాదస్తుడు.

"ఫిర్యాదు వెనక్కి తీసుకుంటాను సార్," అంది ఆమె, కూర్చోకుండానే.

"అదేంటమ్మా! మా విభాగానికి ఇంత శుభ్రమైన ఫిర్యాదు ఇంతవరకు రాలేదు. మీ మూల దృశ్యంలో ఒక్క గాలిమర కూడా లేదు."

"కొండ కూడా లేదు కదా సార్!"

"అదేనమ్మా నేను చెప్పేది. మొన్న మావాళ్లు వచ్చి తీసిన ఫొటోలో గాలిమరలతో పాటు ఒక కొండ కూడా కొత్తగా వచ్చి చేరింది. లోయ కూడా. నష్టం మేం అనుకున్నదానికన్నా చాలా పెద్దది."

ఆ మాట అన్నవాడి మొహంలో వెటకారం ఉంటే పోట్లాడొచ్చు. ఆయన మొహంలో జాలి తప్ప ఇంకేం లేదు.

"అసలు మాకు నష్టమే లేదు సార్. గదులన్నీ నిండుతున్నాయి. జనం వాటిని చూడడానికే వస్తున్నారు."

"రావడం, పోవడం పర్యాటక శాఖ పరిధమ్మా. మాది నష్టం ఒక్కటే."

"కొండచూపు లాడ్జి ఆయన కూడా ఫిర్యాదు పెట్టాడు కదా. ఆయన జోలికి వెళ్లలేదేం?"

"కొండచూపు లాడ్జి అనేది ఇప్పుడు లేదమ్మా. పేరు మారింది. లేని లాడ్జికి దృశ్యం ఎలా ఉంటుంది? ఆ ఫిర్యాదు దానంతటదే పోయింది."

"అయితే నేనూ మార్చేస్తాను సార్. ఇవాళే మార్చేస్తాను."

"ఉత్తర్వు వెళ్లకముందు అయితే మార్చుకోవచ్చమ్మా. ఇప్పుడు మీ బోర్డు కూడా ఫైలులో భాగం. దానిమీద ఒక్క అక్షరం మారినా నేరమే."

ఇక దాచి లాభం లేదని ఆమె అసలు సంగతి చెప్పేసింది. మామగారు మాట పడిపోయినట్టు ఉండేవాడనీ, గాలిమరలు వచ్చాకే మళ్లీ మనిషయ్యాడనీ, చివరి గాలిమరలో చనిపోయిన భార్యను చూసుకుంటున్నాడనీ, రోజంతా వాటితోనే కబుర్లనీ. ఎంత శాఖయినా లోపల ఉన్నది మనుషులే కదా అని ఆమె ఆశ.

దృశ్యాధికారి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. నిజంగానే కదిలిపోయాడు. కలం తీసి, ఆమె చెప్పినదంతా పొల్లుపోకుండా రాసుకున్నాడు.

"ముందే చెప్పాల్సిందమ్మా. గాలిమరలతో మాట్లాడుతున్నారా! అంటే ఇంట్లో మనిషి మీద కూడా ప్రభావం పడింది. మామూలు నష్టం కింద పెట్టాం, ఇప్పుడు తీవ్ర నష్టం కిందికి మారుస్తున్నాను. ఇక మీ పని అన్నిటికన్నా ముందు జరుగుతుంది. కంగారు పడకండి, మేమున్నాం కదా."

అన్నట్టే అన్నిటికన్నా ముందు జరిగింది. లాడ్జికీ లోయకీ మధ్య ఇనప స్తంభాలు పాతారు. వాటికి ఈ చివరనుంచి ఆ చివరదాకా, వరండా చూరు కన్నా ఎత్తుగా రేకులు బిగించారు. దుమ్ము, రంగుల వాసన మామగారికి పడవని, పనయ్యేదాకా ఆయనను వెనక గదిలో ఉంచారు. ఆయన మట్టిగట్టు చూస్తూ పడుకుని "మీ అత్తయ్య తిరుగుతోందా?" అని పూటపూటా అడిగేవాడు. తిరుగుతోంది మామయ్యా అనేది ఆమె.

పెయింటరు ఆకుపచ్చ, నీలం, మట్టిరంగు డబ్బాలు వేసుకుని ఉత్సాహంగా దిగాడు. అంత పెద్ద రేకు మీద కొండ గీసే అవకాశం బోర్డులు రాసుకునేవాడికి మళ్లీ వస్తుందా? దృశ్యాధికారి అతని చేతిలో మూల దృశ్యం ఫొటో పెట్టాడు. పెయింటరు దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

"ఇందులో కొండ ఏది సార్?"

"నీకు ఫొటోలో ఏది కనిపిస్తే అదే వెయ్యి."

"పోనీ ఒక పక్షి?"

"ఉందా ఫొటోలో?"

లేదు. పెయింటరు రంగు డబ్బాలన్నీ మూసి తెల్లరంగు తెరిచాడు. మొహం వేలాడేసుకునే వేశాడు గానీ, పని మాత్రం శ్రద్ధగా చేశాడు. కింద కాస్త బూడిదరంగు కలిపి, పైకి పోనుపోను పలచన చేసి, దగ్గరికి వెళ్తే చేయి చల్లబడుతుందేమో అనిపించేలా మంచు దించాడు.

అధికారి లేనప్పుడు లాడ్జి వదిన అతని దగ్గరికి వెళ్లింది. "అన్నా, ఎడమ చివర రెండు రేకుల మధ్య కొంచెం సందు వదిలెయ్యవా? మా మామయ్య కుర్చీ అక్కడే." పెయింటరు ఆమె కేసి చూసి, ఎందుకని అడగకుండానే ఒక రేకు పక్కకు జరిపాడు. అరచేయంత సందు. ఆమె కన్ను పెట్టి చూసింది. ఆ చివరి గాలిమర, పూర్తిగా, రెక్కలతో సహా, సరిగ్గా ఆ సందులో పట్టింది. తాపీగా తిరుగుతోంది. ఆ రాత్రి ఆమె భర్తకు ఈ సంగతి చెబితే, ఆయన పొద్దున పెయింటరుకు రెండోసారి వడ్డించాడు.

తనిఖీకి వచ్చిన దృశ్యాధికారి తెర పొడవునా మెల్లగా నడిచాడు. ఎడమ చివరికి వచ్చి ఆగాడు.

"ఇక్కడ దృశ్యం కారుతోంది," అన్నాడు.

ఎవరినీ కోప్పడలేదు. దగ్గరుండి రేకు సరిచేయించి, దానిమీద ఇంకో పూత వేయించాడు. లాడ్జి వదిన వంటింట్లోకి వెళ్లి, ఉల్లిపాయలు లేకుండానే ఏడ్చింది.

పనులయ్యాక కొడుకు తండ్రిని ఎత్తుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టాడు. ఆయనకు చూపు కూడా అంతంత మాత్రమే. కళ్లద్దాలు సర్దుకుని చాలాసేపు చూశాడు.

"మంచు పట్టిందా అమ్మాయ్?"

కొడుకు గోడకేసి తిరిగాడు. ఇన్నాళ్లూ తనే ఫిర్యాదు పెట్టి, తనే సంతకం చేసి, తనే అన్నీ చెప్పుకున్న ఆమెకు ఇప్పుడు ఆ ఒక్క నిజం చెప్పడానికి నోరు రాలేదు.

"పట్టింది మామయ్యా."

"సరేలే. విడిచాక పలకరిద్దాం," అన్నాడు ఆయన.

రోడ్డు దాకా మోసుకెళ్లి చూపిస్తానని కొడుకు అంటే ఆయనే వద్దన్నాడు. ఈ మంచులో బయటికెందుకురా, విడవనీ అన్నాడు. కాలం గడుస్తున్నకొద్దీ మళ్లీ మాటలు తగ్గాయి. టీ ఇస్తే "ఊఁ".

తెరకు ఒక పక్కన శాఖవారు తమ బోర్డు పెట్టారు. "రక్షిత దృశ్యము. తాకరాదు, ఆనుకొనరాదు" అని. వచ్చినవాళ్లు దాన్ని చదివి, తెల్లరేకు చూసి, తలెత్తి "కొండ కనబడును" అన్న బోర్డు మళ్లీ చదివి, మర్యాదగా గాలిమర వ్యూ లాడ్జికి దారి అడిగేవాళ్లు. ఆమె చూపించేది. అధ్యక్షుడు ఒకసారి ఎదురుపడి, నీ దృశ్యానికి ఎంత రక్షణ వదినా, మాకా అదృష్టం లేదు అని మెచ్చుకున్నాడు.

చివరికి తుది ధ్రువీకరణకు దృశ్యాధికారి వచ్చాడు. ఆ రోజు ఆకాశంలో మచ్చుకైనా మబ్బు లేదు. ఎండ పెళ్లున కాస్తోంది. ఆయన వరండా మధ్యలో నిలబడి మూల దృశ్యం ఫొటో చేత పట్టుకుని ఒక కన్ను మూసి ఫొటోను, ఇంకో కన్ను మూసి తెరను చూశాడు. తేడా లేదు. ఆయన మొహం వెలిగిపోయింది. ఉద్యోగంలో చేరినప్పటినుంచీ ఇలాంటి రోజు కోసమే ఎదురుచూశాడని ఎవరికైనా తెలిసిపోతుంది.

"ఇంక ఒక్కటే మిగిలిందమ్మా. ఈ దృశ్యాన్ని అందరికన్నా ఎక్కువ కాలం చూసిన మనిషి అభిప్రాయం తీసుకోవాలి."

"సార్, ఆయన్ను వదిలేయండి," అంది లాడ్జి వదిన. "ఒక్క రేకు తీసేయండి చాలు. ఆ చివరిది ఒక్కటి. మీ కాళ్లు పట్టుకుంటాను."

"ఒక్కటి తీసినా మూల దృశ్యం చెడుతుందమ్మా. చెడితే మళ్లీ ఫిర్యాదు చేయాల్సింది మీరే. ఇంత శ్రమా మళ్లీ మీకెందుకు?" అని, ఆయన ఎడమ చివరి కుర్చీ పక్కన గొంతుక్కూర్చున్నాడు. "పెద్దాయనా, ఎదురుగా ఏం కనిపిస్తోంది?"

మామగారు చేయి కళ్లకు అడ్డం పెట్టుకుని చూశాడు.

"మంచు బాబూ. ఇంత ఎండ కాస్తున్నా విడవడం లేదు. నా జన్మలో ఇన్నాళ్లు పట్టిన మంచు చూడలేదు."

దృశ్యాధికారి ఆనందం పట్టలేక కోడలి కేసి తిరిగి చూసి, మళ్లీ తల వంచి రాసుకున్నాడు: "సదరు దృశ్యమును సుదీర్ఘ కాలముగా వీక్షించుచున్న స్థానికుడు సైతము దీనిని పూర్తిగా సహజమైనదిగా ధ్రువీకరించినాడు." కింద ముద్ర వేశాడు. తన సర్వీసులో ఇంత సహజంగా కుదిరిన దృశ్యం ఇదేనని, మిగతా ఊళ్లకు దీన్నే నమూనాగా పంపుతామని ఆమెకు చెప్పాడు. ఆమె తెరకేసి చూస్తూ నిలబడింది. వినిపించిందో లేదో తెలియదు.

ఆయన లేవబోతుంటే మామగారు చొక్కా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"బాబూ, చదువుకున్నవాడివి, నీకు తెలుస్తుంది. ఆ చివర మా ఆవిడ ఒక్కతే ఉంటుంది. ఎన్నాళ్లయిందో చూసి. ఈ మంచు ఎప్పుడు విడుతుందంటావు?"

దృశ్యాధికారి ఆ చేతిని సుతారంగా విడిపించుకుని, రెండు చేతులా నమస్కారం పెట్టాడు.

"అది మా పరిధి కాదు పెద్దాయనా. వాతావరణ శాఖ వాళ్లను అడగాలి."